బయట వాటర్ వాష్ చేయిస్తే బండి వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది ఖమ్మం. హైదరాబాద్‌లో 150 సీసీ బండి కొని 11 నెలలైంది, 9 వేల కిలోమీటర్లు తిరిగింది. నెల రోజుల్నుంచి ఇంజన్ కింద ఆయిల్ చుక్కలు పడుతున్నాయి. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే "బయట ప్రెజర్ వాష్ చేయించారు కదా, దానివల్లే సీల్ పోయింది, వారంటీ రాదు, 4,800 అవుద్ది" అన్నారు. ఆ మాటే రాసివ్వమంటే ఇవ్వలేదు. కేసు వేస్తే నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుంది, కానీ ముందు ఒక్క పని, ఇప్పుడప్పుడే బండి కడగొద్దు. కడిగితేగానీ లీక్ ఎక్కడుందో దొరకదు, కడిగేస్తే లీక్ ఉన్నట్టు సాక్ష్యం పోద్ది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. రాత్రి బండి కింద అట్టముక్క వేసి పొద్దున్నే నంబర్ ప్లేటు, మీటర్ రీడింగ్, అట్ట మీద చుక్కలు అన్నీ ఒకే వీడియోలో వచ్చేలా తీయండి. ఆ ఫైల్ ఫోన్లోనే ఉంచండి, వాట్సాప్‌లో పంపింది చాలదు, అందులో తీసిన తేదీ వివరాలు పోతాయి.

తర్వాత కడగండి, ఇంజన్ పూర్తిగా చల్లారాక. సైలెన్సర్ మూతికి కవర్ కట్టి, మగ్గుతో నీళ్ళు, షాంపూ, బ్రష్, అంతే, ప్రెజర్ గన్ వద్దు. కొన్ని షాపుల్లో డీజిల్ కొట్టి కడుగుతారు చూడండి, అది బ్రేకుల మీద పడితే ప్రమాదం, రబ్బరు ముక్కలూ పాడవుతాయి. బాగా ఆరాక ఇంజన్ చుట్టూ టాల్కం పౌడర్ చల్లి ఓ పది కిలోమీటర్లు తిరిగి రండి. ఆయిల్ కిందికి కారుద్ది, గాలికి వెనక్కి పోద్ది, కాబట్టి పౌడర్ తడిసిన చోట్లలో అన్నిటికంటే పైన, ముందు ఏది తడిసిందో అక్కడే లీక్. దాన్నీ వీడియో తీయండి. బోల్టు మాత్రం ఒక్కటి కూడా విప్పొద్దు, బయట మెకానిక్ చెయ్యి పెట్టాడంటే అవతలివాళ్ళకి మీరే సాకు ఇచ్చినట్టు.

ఇదంతా లాయర్ ఎందుకు చెప్తున్నాడంటే, లీక్ ఉన్న చోటుని బట్టే కేసు ఎవరి మీదో తేలుద్ది. డ్రెయిన్ బోల్టు (పాత ఆయిల్ దించడానికి ఇంజన్ అడుగున విప్పే బోల్టు) దగ్గర కారుతుంటే, లేదా ఆయిల్ లెవెల్ గీత దాటి పోసుంటే అది పోయినసారి సర్వీస్ చేసినవాళ్ళ తప్పు, చట్టంలో సేవాలోపం అంటాం. హెడ్ కవర్, క్లచ్ కవర్ గ్యాస్కెట్ (కవర్ సందులోంచి ఆయిల్ కారకుండా వేసే పలుచటి పొర) దగ్గరైతే వస్తువులోనే లోపం అయ్యుండొచ్చు, కంపెనీని కూడా పార్టీగా చేర్చాలి. చైన్ దగ్గర నల్లగా చిమ్మింది మాత్రమే అయితే అది చాలావరకు చైన్‌కి కొట్టిన లూబ్ ఆయిలే, అలాగైతే కేసు లేదు!

ఇక వాళ్ళ వాదన. గన్ దగ్గరగా పెట్టి కొడితే వీల్ బేరింగ్‌లోకి, స్విచ్చుల్లోకి నీళ్ళు పోయే మాట నిజమే. ముందు స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ళ చక్రం) వెనక ఉండే ఆయిల్ సీల్ అయితే వాళ్ళు కొంత వాదించగలరు. అంతేగానీ బోల్టులతో బిగించిన కవర్ గ్యాస్కెట్ బయట నీళ్ళకి పోయిందంటే ఎలా పోయిందో వాళ్ళు చూపించాలి. వారంటీ బుక్కులో ప్రెజర్ వాష్ గురించి ఏం రాశారో చదవండి. "వద్దు" అని సలహా రాయడం వేరు, "చేస్తే వారంటీ రద్దు" అని రాయడం వేరు.

ఈరోజే డీలర్‌కీ కంపెనీ కస్టమర్ కేర్‌కీ వీడియోలతో మెయిల్ పెట్టండి, వారంటీ ఏడాదే అయితే మీకు నెలే టైముంది. జాబ్ కార్డులో (సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు సమస్యలు రాసే కాగితం) "ఆయిల్ లీక్" అని రాయించండి, రాయకపోతే రాయలేదని కూడా మెయిల్‌లోనే పెట్టండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చెయ్యండి, కొన్ని ఫిర్యాదులు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు, 15 రోజులు చూసి కేసు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్ళోనే వేయొచ్చు, బండి హైదరాబాద్‌లో కొన్నా ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. బండికి కట్టిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు (ఇది చెప్పి మా వాళ్ళతో తిట్లు తింటాను), ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే వేయొచ్చు. గడువు సమస్య మొదలైనప్పట్నుంచి రెండేళ్ళు. లోపం మీద గొడవొస్తే కమిషనే టెస్టుకి పంపుద్ది, దాని ఖర్చు ముందు మీరే కట్టాలి. 4,800 బిల్లుకి మనోవేదన కింద 5 లక్షలు అడక్కండి, ఉచితంగా రిపేరు, కొంత పరిహారం, ఖర్చులు, అంతవరకే అడిగితే కేసుకి బలం.

ఈలోపు ఆయిల్ వెనక టైరు మీద పడుతుంటే బండి తియ్యొద్దు. జారిపడతారు, పైగా ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసీ నడిపితే మోటారు వాహనాల చట్టం 190 సెక్షన్ కింద ఫైన్ కూడా ఉంది. అంత అవసరమైతే డబ్బు కట్టి చేయించుకోండి, "అభ్యంతరంతో కడుతున్నాను" అని బిల్లు మీద రాసి సంతకం పెట్టి ఫోటో తీసి, తీసేసిన పాత సీల్, గ్యాస్కెట్ అడిగి తెచ్చుకుని కవర్లో పెట్టి దాచండి.