మీ ప్రశ్నలు, మా జవాబులు: బిందె మీద ఉన్న పేరు

ప్రశ్న: మా నాయనమ్మకు 84 ఏళ్లు. ఆమె పుట్టిల్లు నరసాపురం దగ్గరి పల్లె, మెట్టినిల్లు అంబాజీపేట పక్కన. ఆమె చెప్పే పాత సంగతులు రాసిపెట్టాలని సంక్రాంతికి వెళ్లినప్పుడల్లా పుస్తకం పట్టుకుని కూర్చుంటున్నాను. ‘ఏ సంవత్సరం నాయనమ్మా?’ అని అడిగితే ‘నాకేం తెలుసే’ అని లేచిపోతుంది. వరదలో ఇల్లు కూలిందని ఆమె అంటుంది. అది 1986 వరద అని మా నాన్నగారు, కాదు అంతకు చాలా ముందే అని మా మేనత్త వాదించుకుంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ముందుగా పుస్తకం మూసేయండి, సంవత్సరం అడగడం మానేయండి. మీ నాయనమ్మగారికి కాలం తెలియక కాదు, ఆమె కాలాన్ని అంకెలతో లెక్కపెట్టలేదు. వరదలు, గాలివానలు, పుష్కరాలు, పురుళ్లు, పెళ్లిళ్లు, ఇవే డెల్టాలో ఆ తరం వారి పంచాంగం. అందుకని ‘వరద వచ్చినప్పుడు నీ చంకలో ఎవరున్నారు?’ అని అడగండి. ‘చంకలో ఎవరూ లేరు, నేనే అమ్మ కొంగు పట్టుకుని గట్టెక్కాను’ అని ఆమె అంటే, అది 1953 ఆగస్టు వరద అయ్యే అవకాశం ఎక్కువ, కూలినది పుట్టింటి గోడ. ‘మీ నాన్న అప్పటికే ఉద్యోగంలో ఉన్నాడు’ అంటే 1986 ఆగస్టు నాటిది. ఆమె రెండు వరదలనూ చూసిన మనిషి కాబట్టి, మీ నాన్నగారు, మేనత్తగారు ఒకే మాట పట్టుకుని రెండు వేర్వేరు ఇళ్ల గురించి వాదించుకుంటూ ఉండవచ్చు. ఇదే పద్ధతిలో 1996 నవంబరు 6న కోనసీమను కూల్చిన తుఫానును ఒక గుర్తుగా పెట్టుకోండి. ఎవరి తోటలో ఎన్ని కొబ్బరిచెట్లు పడ్డాయో చెప్పని ఇల్లు అక్కడ దొరకదు. 1979, 1991, 2003, 2015 పుష్కరాలకు ఎవరెవరు ఏ రేవులో మునిగారో అడిగితే, అప్పటికి ఇంట్లో ఎవరు బతికి ఉన్నారో, ఎవరు లేరో దానంతట అదే తేలుతుంది.

రెండో మాట, ఉత్త చేతులతో ఆమె ఎదుట కూర్చోకండి. అటక మీద నుంచి ఏదో ఒక వస్తువు దింపి ఆమె చేతికివ్వండి. ఇది నేను నా అనుభవం మీద చెబుతున్నాను. కొన్నేళ్ల క్రితం మా పెద్దమ్మ ఇంట్లో సామాను సర్దుతూ ఉంటే నల్లగా మసిబారిన ఒక ఇత్తడి బిందె బయటపడింది. చింతపండు పెట్టి తోమేసరికి మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు తేలాయి. ఇంటిపేరు మాదే, దాని పక్కన ఉన్న ఆడమనిషి పేరు మాత్రం మాలో ఎవరమూ ఎన్నడూ విన్నది కాదు. అంతకుముందు ఎన్నిసార్లు అడిగినా ‘మీ తాతయ్యకు అక్కచెల్లెళ్లు లేరు’ అన్న మా పెద్దమ్మ, ఆ బిందెను ఒళ్లో పెట్టుకుని, అక్షరాలను వేలితో తడుముతూ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘ఇది మీ తాతయ్య చెల్లెలిది. కాపరానికి వెళ్లిన రెండో ఏడు పురిట్లో పోయింది. సారె సామాను వాళ్లు పడవలో వేసి పంపించేశారు. మా అత్తగారు ఈ బిందెతో ఎప్పుడూ నీళ్లు తేలేదు’ అని చెప్పింది. ఏ దస్తావేజులోనూ లేని ఒక మనిషి ఆ మధ్యాహ్నం మా కుటుంబంలోకి తిరిగి వచ్చింది. మన ఇళ్లలో పాత్రల మీద పేర్లు కొట్టించే అలవాటు ఎంత విలువైనదో నాకు ఆ రోజు తెలిసింది. స్టీలు గిన్నెల మీదివి కూడా వదలకుండా చదవండి. ఇచ్చినవారి పేరు, ఏ శుభకార్యానికి ఇచ్చారో, ఒక్కోసారి తేదీ కూడా ఉంటాయి.

ఆడవారి పేర్లు వెతకడానికి మరో దారి ఉంది. మీ ఇంట్లో తద్దినాలు పెట్టే ఆచారం ఉంటే తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, తాతగారి తల్లి పేర్లు కూడా చెప్పవలసి ఉంటుంది కాబట్టి, పురోహితుడి దగ్గరో మీ నాన్నగారి పాత కాగితాల్లోనో అవి దొరుకుతాయి. పాత శుభలేఖలు కూడా తీయండి. వాటిలో తేదీ లేకపోయినా తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది. అయితే ఆ పేరు 60 ఏళ్లకు ఒకసారి తిరిగి వస్తుందన్న సంగతి మరవకండి: క్రోధి అంటే 1964లో మొదలైనదీ కావచ్చు, 2024లో మొదలైనదీ కావచ్చు.

ఆమె మాటలను ఫోనులో రికార్డు చేసేటప్పుడు మొదట తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు మీరే పైకి చెప్పండి. ఆమె మాట్లాడుతూ ఉండగా మధ్యలో దిద్దవద్దు, నాన్నగారిని కూడా దిద్దనివ్వవద్దు. రేవు, లంక, దిబ్బ, బోదె, పంటు వంటి మాటలను ఆమె ఎలా పలికితే అలాగే రాయండి. పెళ్లయి గోదావరి పాయ వశిష్ఠను దాటిన రోజు గురించి తప్పకుండా అడగండి. నరసాపురం రేవులో ఎక్కి సఖినేటిపల్లిలో దిగిన పెళ్లికూతురు అయితే, ఆ దాటింపు ఆమెకు ఈనాటికీ గుర్తుండి తీరుతుంది. ఈ పని వచ్చే సంక్రాంతికి వాయిదా వేయకండి, వచ్చే ఆదివారమే వెళ్లండి.

ప్రశ్న: మాది పాలకొల్లు. మా ముత్తాత పొలం కొన్న 1912 నాటి దస్తావేజులో ‘కృష్ణా జిల్లా’ అని ఉంది. మావాళ్లు అటునుంచి వలస వచ్చారని దీన్నిబట్టి అనుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఈ ఒక్క ఆధారంతో అనుకోకూడదు. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలను గోదావరి జిల్లా నుంచి విడదీసి కృష్ణా జిల్లాలో కలిపారు. నరసాపురం తాలూకాలో నగరం లంక మాత్రమే గోదావరి జిల్లాలో మిగిలింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడేవరకు పాలకొల్లు కృష్ణా జిల్లాలోనే ఉంది. మీ ముత్తాతగారు కదలలేదు, జిల్లా కదిలింది. వలస సంగతి తేలాలంటే దస్తావేజులో పేర్ల తరువాత ఉండే ‘కాపురస్థుడు’ అన్న మాటకు ముందు ఏ ఊరు రాశారో చూడండి.

ప్రశ్న: కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్లే 11 గ్రామాల ప్రభల్లో (శివుడి పేరిట వెదురుతో ఎత్తుగా కట్టి, అలంకరించి భుజాన మోసుకెళ్లేవి) మా ఊరి ప్రభ ఒకటి. దాని చరిత్ర రాద్దామని మిత్రులం అనుకున్నాం. పెద్దల్లో ఒకరు చెప్పినది మరొకరు ఒప్పుకోవడం లేదు. ఎవరి మాట రాయాలి?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: ఇద్దరి మాటా రాయండి. ఎవరు, ఎన్నేళ్ల వయసులో, ఏ రోజున చెప్పారో పక్కనే వేయండి. తీర్పు చెప్పే తొందర మీకు అక్కరలేదు. ప్రభ ఎత్తు గురించి ఇద్దరు విభేదిస్తే, ఒకరు చిన్నప్పుడు తండ్రి భుజం మీద కూర్చుని చూసినదీ, మరొకరు ప్రభను మోసి చూసినదీ కావచ్చు; ఆ తేడాయే చదివేవారికి కావలసిన సంగతి.

నాకు మరొక దిగులు ఉంది, దాచకుండా చెబుతాను. ఇటువంటి చరిత్రలు రాసేటప్పుడు సాధారణంగా గుడి ధర్మకర్తలను, చందాలు ఇచ్చిన పెద్దలను మాత్రమే అడుగుతారు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా ప్రభల తీర్థం నడిచినప్పుడు టీవీ ముందు ఊరంతా సంతోషించింది. ఆ ఊరిలో వెదురు చీల్చేవారు, మోకులు కట్టేవారు, డప్పు కొట్టేవారు, బొజ్జలోతు చేలల్లోనూ దారిలో దాటే కౌశిక నీళ్లలోనూ ‘శరభా శరభా’ అంటూ ప్రభను భుజాన మోసేవారు కూడా ఉన్నారు. వారిలో చాలామందికి పొలం లేదు, కాబట్టి దస్తావేజులూ ఉండవు. వారి తాతల సంగతులు వారి నోట విని రాయకపోతే మరెక్కడా దొరకవు. వారి వాడలకు మీరే వెళ్లండి, వారిని మీ అరుగు దగ్గరకు పిలిపించకండి. అమ్మవారి జాతరలో గరగ (అమ్మవారి రూపంగా తల మీద పెట్టుకునే పాత్ర) ఎత్తే కుటుంబం మీ ఊరిలో ఉంటే, ఆ గరగ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో అడగండి. ఒక వంశవృక్షం మొత్తం అందులోనే దొరుకుతుంది.

పండుగనాడు ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు. ప్రభ కట్టడం మొదలయ్యే రోజు కనుక్కుని, ఆ ఉదయమే వెళ్లి, మోకు బిగిస్తున్న పెద్దాయన పక్కన కూర్చోండి. ఆ ముడిని ఏమంటారో, దాన్ని వేయడం ఆయనకు ఎవరు నేర్పారో మొదట అడగండి.