రాజ్‌విహార్ సెంటర్‌లో కారు ఆగిపోయింది, ఇక నాకు డ్రైవింగ్ రాదా?

ప్రశ్న: మాది కర్నూలు, బి.క్యాంపు. నాకు 31 ఏళ్లు. రెండేళ్ల కింద ఏడీహెచ్‌డీ (మనసు ఒకచోట నిలవని సమస్య) అని డాక్టర్ చెప్పారు, మాత్రలు వాడుతున్నాను. మా ఆయన ఉద్యోగం హైదరాబాద్‌లో, శని ఆదివారాలు వస్తారు. డోన్‌లో అమ్మ ఒక్కతే ఉంటుంది, ఆరోగ్యం బాగుండదు, ఆమె కోసమే కారు నేర్చుకుంటున్నా. డ్రైవింగ్ స్కూల్‌కు 20 రోజులు వెళ్లాను, ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నింగ్ లైసెన్స్) ఉంది. ఆదివారాలు ఆయన నేర్పిస్తారు. మొన్న రాజ్‌విహార్ దగ్గర కారు ఆఫ్ అయిపోయింది. వెనక హారన్లు, పక్కన ఆయన అరుపులు, చేతులు వణికి ఏడ్చేశాను. ఆయనే నడిపి ఇంటికి తెచ్చారు. ఇప్పుడు కారు తాళం చూసినా గుండె దడ. స్కూటీ అయితే ఆరేళ్లుగా నడుపుతున్నా. ‘నీకు యాలమ్మా కారు’ అంటోంది మా అత్తమ్మ. ఆదివారం సెలవే కదా అని మాత్ర కూడా వేసుకోను. నాలాంటి వాళ్లకు డ్రైవింగ్ రాదా?

జవాబు: మీ ఉత్తరం చివర్లో ఏదో మామూలు సంగతిలా రాసిన మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆదివారం మాత్ర వేసుకోరు, కారు నేర్చుకునేదేమో ఆదివారమే. అంటే వారంలో మనసు నిలపడం మీకు అన్నిటికన్నా కష్టమయ్యే రోజున, అన్నిటికన్నా మనసు పెట్టాల్సిన పని చేస్తున్నారు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు ప్రమాదాల రిస్క్ కాస్త ఎక్కువని, మందులు వాడుతున్న కాలంలో అది తగ్గుతుందని విదేశాల్లో జరిగిన పరిశోధనలు చెప్పాయి. మీకై మీరు ఏమీ మార్చకండి, మీ డాక్టర్‌కు ఫోన్ చేసి డ్రైవింగ్ రోజున మాత్ర ఏ వేళకు వేసుకోవాలో అడగండి. గుండె దడ సంగతి కూడా చెప్పండి, కొందరికి ఆ మాత్రల వల్ల కూడా దడ వస్తుంది.

ఇక రాజ్‌విహార్. ఆ నిమిషంలో మీ మీద ఎన్ని పడ్డాయో చూడండి: క్లచ్, గేరు, అద్దాలు, ఎదురుగా ఆటోలు, వెనక హారన్లు, వీటన్నిటి మీద మీ ఆయన గొంతు. అలవాటైన వాళ్లకు కాలు దానంతటదే క్లచ్ తొక్కుతుంది, బుర్రంతా రోడ్డు మీదే ఉంటుంది. మీకు ఆ అలవాటు పడటానికి ఇంకొంచెం ఎక్కువ కాలం పట్టొచ్చు, అంతే. ట్రాఫిక్ అర్థం కాని మనిషి ఆరేళ్లు కర్నూలు రోడ్ల మీద స్కూటీ నడపలేదమ్మా! స్కూటీకి క్లచ్ లేదు, పక్కన అరిచేవాళ్లూ లేరు.

అందుకే, కుదిరితే ఆటోమేటిక్ కారు చూడండి. కారుకు గేరు, ఆటోమేటిక్ అని వేర్వేరు లైసెన్సులు మన దగ్గర లేవు. కుదరకపోతే ఖాళీ స్థలంలో, యాక్సిలరేటర్ జోలికి పోకుండా, ఉత్త హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగం వదిలి, కారు కదిలించడం, ఆపడం, అదొక్కటే వారం పది రోజులు చేయండి. విసుగొచ్చే పనే, కానీ మీ కాలికి కావాల్సింది అదే. స్కూల్ కారులో బ్రేకూ క్లచ్చూ నేర్పే ఆయన కాళ్ల కింద కూడా ఉంటాయి కాబట్టి 20 రోజులు నేర్చుకున్నా సగం పని ఆయనే చేసి ఉంటారు. మళ్లీ చేరండి, ఈసారి కారులో ఇంకెవరూ ఉండకూడదని, మాత్ర పనిచేసే వేళలోనే కావాలని ముందే మాట్లాడుకోండి. ‘ఒకసారికి ఒక మాటే చెప్పండి, మలుపు రాకముందే చెప్పండి’ అని కూడా అడగండి, అందులో సిగ్గేం లేదు. కుడి ఎడమలు తడబడితే, ఆయన కూర్చునేది ఎడమ పక్కనే కాబట్టి ‘నా వైపు, మీ వైపు’ అని చెప్పమనండి.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు ఉంటుంది. నెల కాగానే టెస్టుకు వెళ్లాలని తొందరేం లేదు.

మీ ఆయనను నేర్పడం మానేయమనండి. ఆయన చెడ్డవారని కాదు, రెండు రోజుల కోసం ఇంటికి వచ్చి, కారుకు ఏమవుతుందో, మీకేమవుతుందోనన్న భయంతో అరుస్తున్నారు. కానీ ఆ అరుపు మీకు ఇంకో హారన్ లాంటిదే. ఈ జవాబు ఆయన చేత చదివించండి. అత్తమ్మకు ఇప్పుడే జవాబు చెప్పక్కర్లేదు.

భయం మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడు ఎడమ ఇండికేటర్, మెల్లగా పక్కకు తీసి ఆపండి, హ్యాండ్‌బ్రేక్, నాలుగు ఇండికేటర్లూ వేయండి. ఊపిరి నిదానంగా వదలండి, పది నిమిషాలైనా పట్టనీయండి. ఆ తర్వాత వంద గజాలైనా మీరే నడపండి, ఇది నాకు చాలా ముఖ్యం. మొన్న ఏడుస్తూ సీటు దిగేశారు కాబట్టి, దిగితేనే బతికామని మీ భయం నేర్చుకుంది. తాళం చూస్తే దడ వచ్చేది అందుకే. తాళం తీసుకుని రోజూ ఆగి ఉన్న కారులో ఐదు నిమిషాలు కూర్చోండి, ఇంజన్ కూడా వద్దు.

రోడ్డు మీదికి రద్దీ లేనప్పుడు, మాత్ర పనిచేసే వేళలోనే స్కూల్ ఆయనతో వెళ్లండి, రోజూ ఒకే దారి, అది విసుగొచ్చేదాకా. అద్దాలు ఎక్కిస్తే హారన్ల మోత తగ్గుతుంది. పాటలు వద్దు, ఫోన్ సైలెంట్‌లో పెట్టి వెనక సీటు మీద పడేయండి. కనిపించేది పైకి చెప్పుకుంటూ నడపండి, ‘ముందు ఆటో, కుడి పక్క గేదె, పిల్లాడు దాటుతున్నాడు’ అని. పక్కకు పోయే మనసును ఆ మాట రోడ్డు మీదికి లాక్కొస్తుంది.

డోన్‌కు మాత్రం ఇప్పుడే వద్దు. అది 50 కిలోమీటర్లకు పైనే, అంతా 44వ నంబర్ హైవే, పక్కనే లారీలు. ఊళ్లో మీ దారి మీకు విసుగొచ్చాక, స్కూల్ ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని పగటిపూట హైవే మీద పది కిలోమీటర్లు పోయి వెనక్కి రండి, అలా నాలుగైదు సార్లు. అప్పటిదాకా అమ్మ దగ్గరికి బస్సులోనే వెళ్లండి, రాత్రిపూట అవసరం పడితే పిలవడానికి తెలిసిన డ్రైవర్ నంబర్ ఒకటి అమ్మ దగ్గరా మీ దగ్గరా రాసి పెట్టుకోండి.