ఐదు గజాల కోసం ఆరు లక్షల ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది కాకినాడ శివారు లేఅవుట్‌లో 200 గజాల ఇల్లు. స్థలం 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. 2014లో గజం 9 వేలకు నా పేరున కొన్నాం. హోమ్ లోన్ ఇంకా ఆరేళ్లు కట్టాలి. రెండు నెలల కిందట మేము ఊరెళ్లిన సమయంలో పడమటి పక్కింటివాళ్లు పాత గోడ పడగొట్టి కొత్తది కట్టేశారు. అది తొమ్మిది అంగుళాలు మా వైపు జరిగింది. అడిగితే పాత గోడే తప్పుగా ఉండేదంటున్నారు. కేసు వేస్తే మొత్తం మీద మూడు లక్షల దాకా అవుతుందని లాయరు చెప్పారు. అమ్మాయి ఇంజినీరింగ్ కోసం దాచిన 6 లక్షల ఎఫ్‌డీ తీసైనా సరే కేసు వేయాల్సిందేనని మావారు పట్టుబట్టారు. మా అన్నయ్యేమో గొడవ వదిలేసి మన వైపు వేరే గోడ కట్టుకోమంటాడు. దానికి మేస్త్రి 1,20,000 చెప్పాడు. ఇప్పుడు ఇక్కడ గజం 22 వేలు పలుకుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: 60 అడుగుల పొడవున ముప్పావు అడుగు అంటే 45 చదరపు అడుగులు, సరిగ్గా 5 గజాలు. 22 వేల చొప్పున 1,10,000 రూపాయలు. దాని కోసం మూడు లక్షలు పెట్టి కోర్టుకెళ్లడం నష్టమని మీకూ తెలుసు, అందుకే ఉత్తరం రాశారు. అయితే మీ అన్నయ్యగారి సలహా అంతకంటే ఖరీదైనది. ఎలాగంటారా? మీ వైపు ఇంకో తొమ్మిదంగుళాల గోడ కడితే దాని కింద మరో 5 గజాలు వాడుకలోంచి పోతాయి. పోయిన 5 గజాలు, గోడ కిందికి వెళ్లే 5 గజాలు, మేస్త్రి డబ్బు కలిపితే 3,40,000. పైగా రెండు గోడల మధ్య మిగిలే సందులో చెత్త, వాన నీళ్లు చేరి రేపు అదో కొత్త తగువు అవుతుంది. కాబట్టి ఆ రెండు దార్లూ పక్కన పెట్టండి.

అసలు మీకు స్థలం తగ్గిందా? ఇది అడిగితే చాలామందికి కోపం వస్తుంది, కానీ ఈ తగువుల్లో డబ్బు ముందుగా వృథా అయ్యేది ఇక్కడే. తూర్పు గోడ నుంచి పడమటి గోడ దాకా ముందు, మధ్య, వెనక మూడు చోట్ల కొలిపించండి. లేఅవుట్‌లో ఒక మూల ప్లాటు కొంచెం జరిగితే ఆ వరసంతా జరుగుతూ వస్తుంది. కొత్త గోడ తర్వాత కూడా మీకు 30 అడుగులు వస్తుంటే, ఇన్నాళ్లూ వాళ్ల తొమ్మిదంగుళాలు మీ దగ్గర ఉన్నట్టు. 29 అడుగుల 3 అంగుళాలే వస్తేనే మీ ఫిర్యాదుకు బలం. ఈ కొలత మీ ఇద్దరికీ సమ్మతమైన లైసెన్స్‌డ్ సర్వేయరు చేత, ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను దగ్గర పెట్టుకుని చేయించండి. ఫీజు చెరిసగం పెట్టుకుందామని మీరే అడగండి. అవతలివాళ్లు కొలతకు రాకపోతే అదే వాళ్ల సంగతి చెబుతుంది.

తర్వాత దస్తావేజులో హద్దులు చదవండి. పడమర హద్దు దగ్గర ఏం రాశారు? ఫలానా ప్లాటు అనా, ఫలానా వారి గోడ అనా, ఉమ్మడి గోడ అనా? మీకు అమ్మినవాళ్ల దస్తావేజు, దానికి ముందున్న లింకు డాక్యుమెంట్లు కూడా చూడండి. ఒరిజినల్స్ బ్యాంకులో ఉంటాయి కాబట్టి జిరాక్సులు చాలు, లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. కొలతలకూ హద్దులకూ పొంతన కుదరనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే విలువిస్తాయి. లాయరు ఇంటికి వెళ్లే ముందు మీకు తెలిసి ఉండాల్సిన విషయమిది.

తొమ్మిదంగుళాలు అనగానే నాకు ఇంకో అనుమానం వచ్చింది. అది సరిగ్గా ఒక ఇటుక గోడ మందం. పాత గోడ పూర్తిగా వాళ్ల స్థలంలో ఉండి, ఇప్పుడు కొత్తది పూర్తిగా మీ స్థలంలోకి వచ్చి ఉండవచ్చు. అదే నిజమైతే గోడ ఖర్చు వాళ్లది, నేల మీది. ఇక్కడే బేరానికి చోటుంది. కొత్త గోడను ఉమ్మడి గోడగా ఒప్పుకుని, దాని మందంలో సగం మీ స్థలంలో, సగం వాళ్ల స్థలంలో ఉన్నట్టు లెక్క సరిచేసుకోవచ్చు. అప్పుడు మీ నుంచి వాళ్లకు పోయేది నాలుగున్నర అంగుళాలు, అంటే రెండున్నర గజాలు, 55 వేలు. గోడలో సగం హక్కు మీకు వస్తుంది. మేస్త్రి చెప్పిన రేటునే తీసుకుంటే ఆ సగం విలువ 60 వేలు. లెక్క దాదాపు సరిపోయింది, మీ జేబులోంచి ఒక్క రూపాయి కదల్లేదు. మీ వారికి ఇది ఓటమిలా అనిపించవచ్చు. ఆయన్ని కూర్చోబెట్టి కాగితం మీద ఈ అంకెలు వేసి చూపించండి.

ఒప్పందం నోటిమాటగా ఉండిపోతే మాత్రం నేను ఒప్పుకోను. వేరేవాళ్ల స్థలాన్ని వాళ్ల హక్కును కాదంటూ, బహిరంగంగా 12 ఏళ్లు అనుభవించినవారు అది తమదేనని వాదించే వీలు మన చట్టంలో ఉంది. రేపు మీరు ఇల్లు అమ్మబోతే కొనేవాళ్ల బ్యాంకు వాల్యుయేటరు టేపు పట్టుకుని వస్తాడు. కాగితం మీద 200 గజాలుండి నేల మీద 195 వస్తే, బేరం తగ్గేది ఆ ఐదు గజాల ధర దగ్గర ఆగదు. తగువున్న ఇల్లు అనే పేరొస్తే మొత్తం ఇంటి మీద తగ్గించి అడుగుతారు. మీకు అసలు నష్టం అదీ. ఒప్పందంలో కొత్త హద్దు కొలతలు, స్కెచ్చు, ఇద్దరి సంతకాలు ఉండాలి. గోడ ఎత్తు పెంచాలంటే ఇద్దరి అనుమతి కావాలని, దాని మీద స్లాబు గానీ బీము గానీ ఆనించకూడదని, సన్‌షేడ్ నీళ్లు మీ వైపు పడకూడదని, మీ వైపు ప్లాస్టరింగ్ వాళ్లే చేయించాలని కూడా రాయించండి.

మాటలతో తేలకపోతే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, అది కోర్టు ఆవరణలోనే ఉంటుంది. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టుకోవచ్చు, ఫీజు లేదు. అక్కడ రాజీ కుదిరితే వచ్చే అవార్డు, అంటే రాజీ తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఇల్లు మీ పేరున ఉండడం కూడా కలిసొస్తుంది. 1987 నాటి న్యాయ సేవాధికార చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

అయితే రాజీ ప్రయత్నాల్లో పడి తేదీలు మరిచిపోకండి. అనుమతి లేకుండా స్వాధీనం పోగొట్టుకున్నవారు, టైటిల్ (యాజమాన్య హక్కు) సంగతి తేలకుండానే స్వాధీనం తిరిగి ఇప్పించమని వేసే దావాకు గడువు ఆరు నెలలే. మీకు రెండు నెలలు గడిచిపోయాయి. కాబట్టి ఈ వారంలోనే లాయరు ద్వారా ఒక నోటీసు పంపించండి. పాత గోడ కనిపించే ఫొటోలు, గృహప్రవేశం వీడియో లాంటివి ఉంటే వెతికి పెట్టండి. కొలతకు రాక, నోటీసుకు బదులివ్వక, లోక్ అదాలత్‌కూ రాకపోతే అప్పుడు దావా వేయండి. నేను కేసు వద్దనడం లేదు, అది చివరి మెట్టు అంటున్నాను. దావా వేస్తే అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే కోర్టు తరఫున వచ్చి స్థలం చూసే లాయరును, నియమించి కొలిపించమని అడగమనండి, మీ ఖర్చులో ఎక్కువ ఫలితమిచ్చేది అదే.

ఇక డబ్బు. సర్వే, నోటీసు, కాపీలు, ఒప్పందం రాతకు సేవింగ్స్‌లోంచి 30 వేలు విడిగా పెట్టండి. ఎఫ్‌డీ ముట్టుకోవద్దు. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టే నెల వాయిదా పడదు, కోర్టు తేదీలు పడుతూనే ఉంటాయి. దావా తప్పనిసరైతే ఆ ఎఫ్‌డీ మీద ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, ఎఫ్‌డీ హామీగా బ్యాంకిచ్చే అప్పు) పెట్టించుకోండి. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒక శాతం ఎక్కువ తీసుకుంటారు, అదీ వాడుకున్నంత మేరకే. లాయరు ఫీజు దశలవారీగా ఇచ్చేలా మాట్లాడుకోండి.

పక్కింటివాళ్లు ఆ 5 గజాలకు డబ్బిస్తామంటే, ముందు మీ హోమ్ లోన్ బ్యాంకు నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. తాకట్టులో ఉన్న స్థలంలో ముక్క అమ్మడం మీ చేతిలో లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కొనేవాళ్లవి. 20 వేలు, ఆ పైన నగదు తీసుకోకూడదు, తీసుకుంటే అంత మొత్తమూ పెనాల్టీ పడవచ్చు. చెక్కుగానో ఖాతా బదిలీగానో తీసుకోండి. 45 వేలకు కొన్న ముక్క 1,10,000కు అమ్మితే లాభం 65 వేలు. 12.5 శాతం లెక్కన పన్ను 8,125, సెస్సు అదనం. ఆ ఏడాది రిటర్న్‌లో చూపించి, రిజిస్టరైన కాగితం కాపీ ఒకటి బ్యాంకు ఫైల్లో పెట్టించండి.