మామూలు ఎంటీబీతో (మౌంటెన్ బైక్‌తో) సైక్లోక్రాస్ పోటీకి వెళ్ళొచ్చా? నల్లరేగడిలో పోటీ చేసినదాన్నిగా నా జవాబు

ప్రశ్న: "అక్కలూ, అన్నలూ, నేను బల్లార్షాలో ఉంటాను. దీపావళి తర్వాత రాజురా వైపు సోయా కోసిన చేలల్లో కొందరు కుర్రాళ్ళు సైక్లోక్రాస్ పోటీ పెడుతున్నారు. నా దగ్గర ఉన్నది ముందు సస్పెన్షన్ మాత్రమే ఉన్న మామూలు ఎంటీబీ. ఆదివారాలు రోడ్డు మీద 40 కిలోమీటర్లు తొక్కుతాను. ఇది సరిపోతుందా? సైకిల్ దిగి, భుజాన వేసుకుని పరిగెత్తాలంటున్నారు, నిజమేనా? ఆఖరివాడిగా వస్తానేమో అని టెన్షన్‌గా ఉంది."

వెళ్ళు తమ్ముడూ. సైకిల్ సరిపోతుంది. సైక్లోక్రాస్ అంటే బురద, గడ్డి, ఇసుక, అడ్డంకులు ఉన్న చిన్న కోర్సు చుట్టూ తిరిగే సైకిల్ పోటీ, మధ్యలో దిగి పరిగెత్తాల్సిన మాట నిజమే. నేను మహారాష్ట్రలో చంద్రపూర్‌లో ఉంటాను, పుట్టిల్లు మంచిర్యాల. ఈ చుట్టుపక్కల ఇలాంటి చిన్న పోటీలు ఎక్కడ పెట్టినా ఆడవాళ్ళ విభాగంలో దిగుతుంటాను. అందుకే మన నేల గురించే ఎక్కువ రాస్తాను. యూట్యూబ్‌లో కనిపించేదంతా బెల్జియం, నెదర్లాండ్స్ బురద. మన నల్లరేగడి సంగతి వేరు.

ముందు పోటీ తీరు చెబుతా. ఇందులో దూరం లెక్క కాదు, టైమ్ లెక్క. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం) పోటీల్లో పెద్ద స్థాయి మగవాళ్ళు గంట, ఆడవాళ్ళు 50 నిమిషాలు తొక్కుతారు. ఒక చుట్టు రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్లు ఉంటుంది. మొదటి చుట్లకు పట్టిన సమయం చూసి మొత్తం ఎన్ని చుట్లో అధికారులు తేలుస్తారు, ఆఖరి చుట్టుకు గంట కొడతారు. మన దగ్గర పెట్టేవి 30, 40 నిమిషాల్లో ముగుస్తాయి. టైర్ వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదన్న నిబంధన ఆ పెద్ద పోటీలది, నీకు అడ్డం కాదు. హ్యాండిల్ చివర్లకు కొమ్ముల్లాంటి పట్టులు ఉంటే మాత్రం తీసెయ్యి, గుంపులో పక్కవాళ్ళకు గుచ్చుకుంటాయి. స్టాండు, మడ్‌గార్డులు, బాటిల్ పట్టే క్లిప్పు కూడా విప్పెయ్యి. క్లిప్పు ఎందుకు తియ్యాలో కింద చెబుతాను.

ఇప్పుడు నేల. అక్టోబరు, నవంబరుల్లో సోయా తీసేసిన చేను పైకి ఎండినట్టు కనిపిస్తుంది. ఒక్క వాన పడిందంటే కథ మారిపోతుంది. నల్లరేగడిలో బంకమన్ను ఎక్కువ, నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండితే పగుళ్ళిస్తుంది. వాన పడుతున్నప్పుడు, నేల మీద నీళ్ళు నిలిచి ఉన్నప్పుడు అందరూ భయపడతారు గానీ అప్పుడు టైర్ జారుతుంది తప్ప మన్ను అంతగా పట్టుకోదు. అసలు కష్టం వాన వెలిసిన మర్నాడో, ఆ మర్నాడో. అప్పుడు మన్ను పిసికిన రొట్టెపిండిలా టైర్‌కు అంటుకుని చుట్టూ పేరుకుంటుంది. ఫోర్క్ కింద, వెనక బ్రేక్ దగ్గర ఇరుక్కుని చక్రం తిరగడం ఆగిపోతుంది. సోయా మోళ్ళు, గడ్డి పోచలు అందులో కలిస్తే ఇంకా గట్టిపడుతుంది. ఎంత బలమున్నవాడు తొక్కినా సైకిల్ కదలదు.

అలాంటి రోజున ముందు వచ్చేవాళ్ళు గట్టిగా తొక్కేవాళ్ళు కారు, సరైన చోట దిగేవాళ్ళు. ఇది నేను మళ్ళీ మళ్ళీ చూశాను. చక్రం తిరగడం మానేశాక దిగితే మన్ను మోత కూడా నీ భుజం మీదే పడుతుంది. మన్ను పట్టే ముక్క మొదలయ్యే చోటే, చక్రాలు ఇంకా శుభ్రంగా ఉండగానే దిగి భుజాన వేసుకుని పరిగెత్తాలి. అవతల గడ్డి మీదకు వచ్చాక ఎక్కి తొక్కాలి. ఆ యాభై అడుగుల్లో నిన్ను దాటిపోయినవాళ్ళు ముందు చక్రం ఇరుక్కుని పుల్లతో గీక్కుంటూ నిలబడి ఉంటారు, నువ్వు వాళ్ళ పక్కనుంచి వెళ్ళిపోతావు.

అందుకే పోటీకి ముందు కోర్సంతా ఒకసారి కాలినడకన తిరుగు. ఎక్కడ గట్టు ఉంది, ఎక్కడ గడ్డి మిగిలి ఉంది, ఒర్రె దాటే చోట అవతలి ఒడ్డు ఎంత నిటారుగా ఉంది చూసుకో. తాడు కట్టిన హద్దుల లోపల ఎక్కడైనా నడవచ్చు, అందరూ తొక్కిన గాడిలోనే పోవాలని రూలేమీ లేదు. చేను అంచున గడ్డి ఉన్న చోట దూరం కొంచెం ఎక్కువైనా నేను అటే పోతాను, గడ్డి మీద దొర్లితే టైర్‌కు అంటిన మన్ను కొంత రాలిపోతుంది. వర్ధా ఒడ్డున ఇసుక ముక్క ఏదైనా పెడితే అక్కడ పద్ధతి వేరు. ముందే వేగం పెంచుకుని, బరువు కాస్త వెనక్కి వేసి, హ్యాండిల్ వదులుగా పట్టుకుని, పెడల్ ఆపకుండా పోవాలి. ఇసుకలోకి దిగాక గేర్ మార్చకు.

దిగడం, ఎక్కడం మీదే నీ ప్రాక్టీసులో సగం పెట్టు. యూసీఐ పోటీల్లో అడ్డుపలకలు రెండు, ఒకదానికొకటి 4 మీటర్ల దూరంలో, 40 సెంటీమీటర్లకు మించని ఎత్తులో ఉంటాయి. మన దగ్గర వెదురు బొంగులు కట్టేస్తారు, చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో వెదురుకు కొదవ లేదు. దిగేది ఎప్పుడూ ఎడమవైపే, ఎందుకంటే చైను కుడివైపు ఉంటుంది. కుడికాలు సీటు వెనకనుంచి తిప్పి ఇటు తెచ్చుకో. కాసేపు ఎడమ పెడల్ మీదే నిలబడి దొర్లుతూ రా. కుడిచేయి పై రాడ్ మీదకు తెచ్చి, కుడికాలు నేలను తాకుతూనే ఎడమకాలు తీసి పరుగులోకి వచ్చేయి. దిగిన వేగం, పరిగెత్తే వేగం ఒకటే అయ్యేదాకా ఇదే చెయ్యి. బొంగు దగ్గరకొచ్చాక సైకిల్‌ను రాడ్ పట్టుకుని లేపితే చాలు, భుజాన వేసుకోనక్కరలేదు.

ఎక్కడం ఇంకా ముఖ్యం. మన నాన్నలు, తాతలు ఎడమ పెడల్ మీద కాలేసి, రెండు తన్నులు తన్ని, కుడికాలు వెనకనుంచి తిప్పి ఎక్కేవాళ్ళు కదా, నీకూ అదే అలవాటు ఉండొచ్చు. రోడ్డు మీద అది బాగుంటుంది, బురదలో పెడల్ మీద అలా బరువు వేస్తే వెనక చక్రం జారుతుంది. సైక్లోక్రాస్‌లో పరిగెత్తుతూనే ఎడమకాలితో నేలను తన్ని ఎగిరి, కుడి తొడ లోపలి భాగం సీటు మీద పడేలా దిగి, లోపలికి జారాలి. మొదట భయమేస్తుంది. గడ్డి ఉన్న మైదానంలో, సీటు ఒక వేలెడు కిందకు దించి, నడక వేగంతో మొదలుపెట్టు. వారం తిరిగేసరికి శరీరానికి తెలిసిపోతుంది.

భుజాన వేసుకోవడం నిటారు ఒడ్డుల దగ్గర, మన్ను పట్టే చోట. కింది రాడ్ పట్టుకుని లేపి, మూడు రాడ్ల మధ్య ఖాళీలో కుడి భుజం దూర్చి, కుడిచేయి కింది రాడ్ కిందుగా పోనిచ్చి హ్యాండిల్ ఎడమ కొస పట్టుకోవాలి. బాటిల్ క్లిప్పు తియ్యమన్నది ఇందుకే, లేకపోతే అది పక్కటెముకల్లో దిగుతుంది. ఎడమచేయి ఖాళీగా ఉంటుంది, ఒడ్డు ఎక్కేటప్పుడు గడ్డి పట్టుకోవడానికి పనికొస్తుంది. ఫ్రేమ్ చిన్నదైతే భుజం దూరదు, అప్పుడు పక్కన పట్టుకుని లేపి పరిగెత్తు.

దిగి పరిగెత్తడం తక్కువతనం అనుకోకు. ఫ్రాన్స్‌లో 1902లో తొలి జాతీయ పోటీ జరిగిన నాటినుంచీ ఇది ఈ ఆటలో భాగమే. 2025లో ఏడోసారి ప్రపంచ విజేత అయిన మాథ్యూ వాన్ డెర్ పూల్ పలకల మీదుగా సైకిల్‌తోనే ఎగురుతాడు, కానీ ఇసుక లోతుగా ఉన్న చోట అతనూ దిగి పరిగెత్తుతాడు. నాకు ఎక్కువ ఇష్టం మరియానె వోస్. 2006లో మొదటి ప్రపంచ టైటిల్, 2022లో ఎనిమిదోది. ఆమె ఎక్కే పద్ధతి వీడియోలో నెమ్మదిగా నడిపించి చూడు, పాదం ఒక్కసారి కూడా తడబడదు. మా కోచింగ్ అంతా అదే!

గాలి సంగతి. రోడ్డు మీద కొట్టే గాలితో వస్తే మొదటి మలుపులోనే జారుతావు. రెండు అంగుళాల పైబడ్డ ఎంటీబీ టైర్‌కు, ట్యూబ్ ఉంటే, 60-65 కిలోల మనిషికి 25 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి రెండేసి తగ్గిస్తూ చూసుకో. గట్టు దెబ్బకు రిమ్ తగిలితే మళ్ళీ రెండు పెంచు. ట్యూబ్‌లెస్ అయితే ఇంకా తగ్గించొచ్చు, పైగా మన దగ్గర తుమ్మ ముళ్ళకు, కోసిన పత్తికట్టె మొదళ్ళకు సీలెంట్ (కన్నం పూడ్చే ద్రవం) ఉన్న టైరే మేలు. ఖర్చు వద్దనుకుంటే ట్యూబ్‌లోనే సీలెంట్ పోయించు. ఫ్రేమ్ అడుగున, ఫోర్క్ లోపలి వైపు కొద్దిగా నూనె రాస్తే మన్ను తొందరగా రాలుతుంది. బ్రేక్ డిస్క్‌కు, రిమ్‌కు మాత్రం నూనె చుక్క తగలనివ్వకు.

ఆదివారం 40 కిలోమీటర్లు మంచి పునాది, కానీ ఈ పోటీలో ఒకే వేగం ఉండదు. మలుపు తర్వాత పదిహేను సెకన్లు ప్రాణం పెట్టి తొక్కడం, మళ్ళీ బ్రేకు, మళ్ళీ పరుగు. అందుకని వారంలో ఒక రోజు 30 సెకన్లు గట్టిగా, 30 సెకన్లు నెమ్మదిగా, ఎనిమిది సార్లు తొక్కి, కాస్త ఆగి ఇంకోసారి అదే చెయ్యి. ఇంకో రోజు ఏదైనా చెరువు కట్ట మీదకు సైకిల్ మోస్తూ పరిగెత్తు. మామూలు పరుగు కూడా వారానికి రెండుసార్లు, పదిహేను నిమిషాలు చాలు, సైకిలే తొక్కేవాళ్ళ పిక్కలు పరుగుకు పట్టేస్తాయి. పోటీకి ముందు రెండు రోజులు విశ్రాంతి. మొదలయ్యే చోట వరస వెడల్పుగా ఉండి తర్వాత ఇరుకవుతుంది కాబట్టి మొదటి నిమిషం నెమ్మదిస్తే గుంపు వెనక ఇరుక్కుంటావు, ఆ నిమిషానికి బలం దాచుకో.

నీళ్ళ గురించి పోటీ పెట్టేవాళ్ళను ముందే అడుగు. యూసీఐ నిబంధనల్లో పోటీ మధ్యలో నీళ్ళు అందించడం మామూలుగా నిషేధం, ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటితే అనుమతి ఇవ్వొచ్చు. చంద్రపూర్‌లో నవంబరులోనూ ఎండెక్కాక 20 దాటుతుంది కాబట్టి ఇక్కడ తప్పకుండా ఇవ్వాలి. ఒక ఫ్రెండ్‌ను బకెట్ నీళ్ళు, బ్రష్, వెదురు పుల్లతో పక్కన నిలబెట్టుకో. పెద్ద పోటీల వాళ్ళకు పిట్‌లో (సైకిల్ మార్చుకునే చోట) రెండో సైకిల్ సిద్ధంగా ఉంటుంది, మనకు ఆ పుల్లే దిక్కు.

ఆఖరున వస్తానన్న టెన్షన్ గురించి. పెద్ద పోటీల్లో ముందున్నవాడు మొదటి చుట్టుకు తీసుకున్న సమయంలో 80 శాతం కన్నా వెనకబడినవాళ్ళను ఆపేస్తారు. మన దగ్గర అలా ఆపరు, ముందున్నవాడు గీత దాటాక ఎన్నో చుట్టులో ఉన్నా అక్కడితో నీ పోటీ ముగుస్తుంది. ఎవరైనా నిన్ను దాటుతుంటే నీ దారిలో నువ్వు తిన్నగా పో, ఎటుపోవాలో వాళ్ళే చూసుకుంటారు. జనం నవ్వుతారనుకోకు. మా దగ్గర చివర ఉన్నవాళ్ళకే ఎక్కువ కేకలు. ఒడ్డు ఎక్కుతుంటే ఒకవైపు నుంచి "పళ తాయీ, పళ" అని మరాఠీలో, ఇంకోవైపు నుంచి "ఉరుకు అక్కా, ఉరుకు" అని మనవాళ్ళు అరుస్తుంటే కాళ్ళలో లేని బలం వస్తుంది. మొదటిసారి నీ పని చివరిదాకా తిరగడమే.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. ప్రాక్టీసుకు చీకటుండగా ఒంటరిగా పొదలున్న వైపు వెళ్ళకు. తడోబా టైగర్ రిజర్వ్ పులులు అడవి హద్దుల్లోనే ఉండవని మన జిల్లాలో అందరికీ తెలుసు. బాగా తెల్లవారాక, ఇద్దరు ముగ్గురు కలిసి, ఊరి మైదానంలోనే చేసుకోండి.

పోటీ అయ్యాక మన్ను ఎండకముందే సైకిల్ కడుగు, ఎండితే రాయి అవుతుంది. సర్వీస్ సెంటర్ ప్రెషర్ పంపుతో హబ్‌ల మీదకు కొట్టించకు, బేరింగుల్లోకి నీళ్ళు పోతాయి. బకెట్, గుడ్డ చాలు. తుడిచి, చైన్‌కు నూనె వెయ్యి. గీసుకున్న చోట సబ్బుతో కడుక్కో. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నావో మీ అమ్మనడుగు.

నీ టైర్ పక్కన రాసి ఉన్న సైజు, నీ బరువు, ట్యూబా ట్యూబ్‌లెసా ఇక్కడ రాయి. ఆ వారం వాన పడిందో లేదో కూడా చెబితే ఎంత గాలితో మొదలుపెట్టాలో చెబుతాను.