నీళ్ళ లోతు సరే, నీళ్ళ కింద రోడ్డు ఉందా?

మీరు అడిగింది ఇది: వచ్చే వారం విజయనగరం నుంచి బొబ్బిలి మీదుగా లోపలి పల్లెకు చిన్న కారులో వెళ్ళాలి, దారిలో గెడ్డ (వాగు) మీద కాజ్‌వే ఉంది, వానలు పడుతున్నాయి. ఎంత లోతు వరకు దాటించవచ్చు? మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు 68 వేల రూపాయలు ఖర్చుపెడితే వచ్చింది. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

2021 సెప్టెంబరు 26, ఆదివారం రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మరునాడంతా వాన. మంగళవారం పొద్దున మా వైపు తెరిపి ఇచ్చి ఎండ కూడా కాసింది. బొబ్బిలికి ఇవతల ఒక పల్లెలో ఉన్న మా అత్తగారింటికి ఎన్నిసార్లు చేసినా ఫోను కలవడం లేదు. కరెంటు లేదని తెలుసు. ఇంటి పెంకులు ఉన్నాయో ఎగిరిపోయాయో తెలియదు. ఒక టార్పాలిన్, బియ్యం, అత్తగారి బీపీ మాత్రలు వేసుకుని నేనూ మా ఆవిడా బయలుదేరాం.

ఊరికి రెండు కిలోమీటర్ల ముందు గెడ్డ. వేసవిలో అందులో మేకలు తప్ప ఏమీ తిరగవు. దాని మీద ఉన్నది వంతెన కాదు, కాజ్‌వే. ఈ తేడా చాలామందికి పట్టదు. కింద నాలుగు తూములు, పైన కాంక్రీటు, పక్కన సున్నం కొట్టిన రాళ్ళు. మామూలు నీళ్ళు తూముల్లోంచి, ఎక్కువ వస్తే పైనుంచి పోవాలనే దాన్ని అలా కడతారు. అంటే మీద నీళ్ళు పారుతున్నాయంటే అది పాడైపోయిందని కాదు, ఆ సమయానికి అది మన దారి కాదు, గెడ్డ దారి. ఆ రోజు నాకు అంత ఆలోచన రాలేదు. తెల్ల రాళ్ళ తలలు కనిపిస్తున్నాయి కదా, లోతు లేదు అనుకున్నాను.

గట్టు మీద ఒక ముసలాయన గేదెను పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఆగండి బాబూ" అన్నాడు. "ఆ తాటిమొద్దు చూశారా? ఇందాక ముప్పాతిక వంతు పైకి ఉంది. ఇప్పుడు సగమే." ఇంతకంటే శాస్త్రీయమైన సమాచారం నాకు ఆ రోజు ఇంకెవరూ ఇవ్వలేదు. నీళ్ళు తగ్గడం లేదు, పెరుగుతున్నాయి. అయితే అదే సమయంలో ఒక ట్రాక్టరు మా పక్క నుంచి దిగి, నింపాదిగా అవతలికి వెళ్ళిపోయింది. "వెళ్ళింది కదా తాతా" అన్నాను. ఆయన నా కారు వైపు ఒకసారి చూసి, "అది ట్రాక్టరు బాబూ. ఇది డబ్బా" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. దిగాను.

మొదటి గేరు, మెల్లగా, ఆపకుండా. పుస్తకంలో చెప్పినట్టే నడిపాను. మూడొంతుల దూరం బాగానే వెళ్ళింది. అప్పుడు స్టీరింగు హఠాత్తుగా తేలికైపోయింది. ఎంత తేలిక అంటే, ఆగి ఉన్న సైకిలు హ్యాండిలును గాలిలో తిప్పినట్టు. ముందు చక్రాలకు నేల అందడం లేదని నాకు ఆ క్షణంలో అర్థం కాలేదు. కారు వెనక భాగం పల్లం వైపు జరిగింది. తర్వాత ఎడమ వెనక చక్రం దభీమని కిందకు దిగబడి, ఇంజను ఆగిపోయింది. తలుపు కింద రబ్బరు పట్టీ దగ్గర నుంచి కాఫీ రంగు నీళ్ళు చప్పుడు లేకుండా లోపలికి రావడం మొదలైంది.

చక్రం పడిన చోట ఉండాల్సిన రోడ్డు అంచు లేదు. తర్వాత నీళ్ళు తీశాక వెళ్ళి చూశాను. మనిషి కూర్చునేంత గుంట. కాజ్‌వే మీద నుంచి దూకే నీళ్ళు పల్లం వైపు పడి, అక్కడ మట్టిని తవ్వుకుంటూ కాంక్రీటు కిందికి వస్తాయి. పైన పలక మిగిలినా దాని కింద ఏమీ ఉండదు. తోసే నీళ్ళు కారును కూడా సరిగ్గా ఆ వైపుకే తోస్తాయి. అందుకే మీ ప్రశ్నలో "ఎంత లోతు" అన్నది రెండో ప్రశ్న అంటున్నాను. మొదటిది, కింద రోడ్డు ఉందా లేదా. బురద నీళ్ళలోంచి అది ఎవరికీ కనిపించదు. నిన్న అటు వెళ్ళిన వాళ్ళకు కూడా ఇవాళ్టి సంగతి తెలియదు.

లోతు లెక్క కూడా చెబుతాను, ముసలాయన "డబ్బా" అన్న మాటకు అర్థం అందులోనే ఉంది. చిన్న కారు బరువు సుమారు 900 కిలోలు. అడుగు భాగం నేలకు 17 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ అడుగు వైశాల్యం ఐదు చదరపు మీటర్లు అనుకోండి. నీళ్ళు అడుగును తాకాక ఇంకో 10 సెంటీమీటర్లు పెరిగితే అర ఘనపు మీటరు నీళ్ళను కారు పక్కకు నెట్టినట్టు. అంటే 500 కిలోల బరువును నీళ్ళే మోసేస్తున్నాయి. నేల మీద మిగిలింది 400. ఇంకో 8 సెంటీమీటర్లు పెరిగితే అదీ పోతుంది. అంటే మోకాలికి కాస్త కింద దాకా నీళ్ళుంటే కారు ఇక బండి కాదు, పడవ. తలుపులు బాగా బిగుసుకునే కొత్త కారు ఇంకా బాగా తేలుతుంది. పైగా నీటి వేగం రెట్టింపైతే పక్క నుంచి తోసే బలం నాలుగింతలవుతుంది. అందుకే కదలని నీటిలో దాటే లోతు వేరు, పారే నీటిలో దాటే లోతు వేరు. రోడ్డు మీద నిలిచిన వాన నీళ్ళలో చక్రం సగం మునిగేదాకా మెల్లగా వెళ్ళవచ్చు. పారే నీళ్ళు చీలమండ దాటితే నేను కారు దించను.

ట్రాక్టరు ఎలా వెళ్ళిందంటారా? గాలి పీల్చే గొట్టం, పొగ గొట్టం రెండూ బాగా ఎత్తున ఉంటాయి, కింద నీళ్ళు పోవడానికి అంతా ఖాళీ. ఇంకో సంగతి ఆ ట్రాక్టరు నడిపిన కుర్రాడే చెప్పాడు: "వెనక చక్రాల ట్యూబుల్లో నీళ్ళు నింపి ఉంటాయండీ." దున్నేటప్పుడు పట్టు కోసం అలా బరువు పెంచుతారు. అంత బరువున్నదాన్ని కూడా తొట్టితో సహా గెడ్డలు లాక్కెళ్ళిన సందర్భాలున్నాయి. దాన్ని చూసి చిన్న కారు దించడం, ఏనుగు దాటిందని మేక దిగినట్టు.

ఇక ఆగిపోయాక ఏం చేయాలి. నేను చేసింది చెబితే ఏం చేయకూడదో తెలుస్తుంది. తాళం తిప్పాను. ఒక్కసారే. లోపల "టక్" అని ఒక మొద్దు చప్పుడు వచ్చింది. గాలిని పిస్టను నొక్కగలదు, నీళ్ళను నొక్కలేదు. గాలి పీల్చే దారి చాలా కార్లలో ముందు జాలీ వెనక, హెడ్‌లైటు ఎత్తులోనే ఉంటుంది. అందులోంచి సిలిండరులోకి నీళ్ళు చేరాక స్టార్ట్ చేస్తే పిస్టను పైకి వెళ్ళలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డీజిలు ఇంజన్లలో సిలిండరులో మిగిలే ఖాళీ ఇంకా తక్కువ కాబట్టి నష్టం ఇంకా ఎక్కువ. నీళ్ళలో ఆగిన ఇంజనును మళ్ళీ తిప్పకండి. బ్యాటరీ తీగ తీయించి, లాగించి, మెకానిక్ ప్లగ్గులు విప్పి నీళ్ళు బయటికి కొట్టించాకే.

నేను తాళంతో కుస్తీ పడుతుంటే మా ఆవిడ, "ఏమండీ, ముందుగా కిటికీ అద్దం దించండి" అంది. మమ్మల్ని కాపాడింది ఆ మాటే. బయట అర మీటరు నీళ్ళుండి లోపల లేకపోతే మీటరు వెడల్పు తలుపు మీద నీళ్ళ ఒత్తిడి 125 కిలోల దాకా ఉంటుంది. భుజంతో తోసినా రాదు. అద్దాలు మాత్రం కరెంటు ఉన్నంతసేపు దిగుతాయి. సీటు బెల్టు తీయడం, అద్దం దించడం, కిటికీలోంచి బయటపడడం, ఈ వరుసలో. టార్పాలినూ బియ్యమూ అలాగే వదిలేశాం. ఆమె మందుల సంచి మాత్రం మెడలో వేసుకుంది. ట్రాక్టరు కుర్రాడు అవతలి గట్టు నుంచి తాడు విసిరాడు, ముసలాయన కేకలు వేస్తే ఇంకో నలుగురు వచ్చారు. తాడు పట్టుకుని నడిచాం, తొడల దాకా నీళ్ళు. అలా నడవగలిగేలా లేకపోతే కారు పైకెక్కి 112కు ఫోను చేయాలి. ఈదడం అనే ఆలోచన వద్దు.

కారు లాగడం ఇంకో ప్రహసనం. చాలా కార్లకు ఒక ఇనుప కొక్కెం ఇస్తారు, ముందు బంపరులో చిన్న మూత తీసి, మర తిప్పినట్టు తిప్పి బిగించాలి. మూడేళ్ళుగా కారు నడుపుతున్నా నాకు ఆ సంగతి తెలియదు. తెలిసిన వాడెవరో చెప్పేసరికి, అది డిక్కీలో స్టెప్నీ కింద ఉంది, డిక్కీ గుంటలో ఉంది. చివరికి ముందు చక్రం దగ్గర చేతికి అందిన కడ్డీకి తాడు కట్టి లాగారు. కారు వచ్చింది, కడ్డీ వంగింది. ఆ కుర్రాడు డబ్బులు పుచ్చుకోలేదు. డీజిలుకని బలవంతంగా జేబులో పెట్టాను. ఇప్పుడు నా కొక్కెం డాష్‌బోర్డు అరలో ఉంటుంది.

అత్తగారింటికి తడి బట్టలతో నడిచి వెళ్ళాం. పెంకులు చెక్కుచెదరలేదు. "ఈ వానలో ఎందుకు వచ్చారు?" అన్నారు ఆవిడ.

బొబ్బిలిలో మెకానిక్ అడుగున పరిచిన చాప ఎత్తితే ఒక చచ్చిన పరిగె చేపపిల్ల ఉంది. వాసన సంక్రాంతి దాకా పోలేదు. బీమా సర్వేయరు వచ్చి ఒకే ప్రశ్న అడిగాడు: "ఆగాక మళ్ళీ స్టార్ట్ చేశారా?" అబద్ధం చెప్పి లాభం లేదు, వంగిన రాడ్డు బల్ల మీద ఉంది. మామూలు సమగ్ర పాలసీలో వరద నష్టం ఉంటుంది కానీ, నీళ్ళలో తిప్పడం వల్ల ఇంజనుకు కలిగే నష్టాన్ని సాధారణంగా అందులో లెక్కించరు. దానికి ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా కొనుక్కోవాలి. నేను కొనలేదు. మీది ఇవాళే తీసి చూసుకోండి.

బైకుల గురించి ఎక్కువ చెప్పను. కాజ్‌వే కాంక్రీటు మీద నాచు ఉంటుంది, బైకుకు రెండే చక్రాలు. జారితే బండిని వదిలేయండి. మనవాళ్ళు హ్యాండిలు వదలక మునిగిపోతారు.

ఇంకొకటి, మన జిల్లాల్లో ఆకాశం చూసి నీళ్ళను అంచనా వేయకూడదు. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. అక్కడ రాత్రి కురిస్తే ఇక్కడ ఎండలో వరద వస్తుంది. తోటపల్లి దగ్గరో, గొట్టా బ్యారేజీ దగ్గరో గేట్లు ఎత్తారన్న వార్త వింటే దిగువన పల్లపు దారులు ఆ రోజుకు మరిచిపోండి. చిన్న గెడ్డల తీరు వేరు. ఎంత తొందరగా పొంగుతాయో అంత తొందరగా తీస్తాయి. ఆ రోజు మేం దాటాలనుకున్న గెడ్డ సాయంత్రం నాలుగింటికి చీలమండ లోతుకు వచ్చేసింది. గట్టు మీద ఐదారు గంటలు కూర్చుని, ముసలాయనతో కబుర్లు చెప్పుకుంటే సరిపోయేది.

మీ ప్రయాణానికి వస్తే, బయలుదేరే రోజు పొద్దున ఆ ఊరికి ఫోను చేసి "గెడ్డ ఎలా ఉంది" అని అడగకండి. "ఫరవాలేదు, వచ్చేయండి" అంటారు. అల్లుడో చుట్టమో వస్తానంటే వద్దని ఎవరంటారు? "మీ ఊరికి పొద్దున ఆర్టీసీ బస్సు వచ్చిందా?" అని అడగండి. బస్సు వచ్చిందంటే మీరు వెళ్ళవచ్చని కాదు, అది మీ కారుకు పది రెట్ల బరువు. రాలేదంటే మాత్రం ఆ దారి వదిలేయండి. వచ్చిందంటే రెండో ప్రశ్న వేయండి: "బస్సు వచ్చేటప్పటికి తెల్లరాళ్ళు ఎంత కనిపించాయి, ఇప్పుడు ఎంత కనిపిస్తున్నాయి?"