కూర్చుంటూ చదివానా, కూర్చుని చదివానా?

సందేహం: జపనీస్ కొత్తగా నేర్చుకుంటున్నాను. ఒకే మనిషి రెండు పనులు ఒకేసారి చేస్తే 'నగర' చేర్చాలనీ, అది మన 'తూ' లాంటిదేననీ చెప్పారు. 'కూర్చుంటూ పుస్తకం చదివాను' అనుకుని 'సువరినగర' అని రాస్తే టీచరుగారు కొట్టేశారు. 'నడుస్తూ' ఒప్పయినప్పుడు 'కూర్చుంటూ' ఎందుకు తప్పు?

సమాధానం: ఆ తప్పు ముందు మీ తెలుగు వాక్యంలోనే ఉంది. మన ఇళ్లలో ఎవరైనా 'కూర్చుంటూ పుస్తకం చదివాను' అంటారా? 'కూర్చుని చదివాను' అంటాం. ఆ వాక్యం మీకు ముందు ఇంగ్లీషులో తట్టి ఉంటుంది.

నడక ఎంతసేపైనా సాగుతుంది కాబట్టి ఆ సేపట్లో ఇంకో పని ఇముడుతుంది. కూర్చోవడం క్షణంలో అయిపోతుంది. ఆ తర్వాత మిగిలేది కూర్చుని ఉన్న స్థితే. 'అమ్మయ్య అంటూ కూర్చున్నాడు' అన్నా, 'కూర్చుంటూ అమ్మయ్య అన్నాడు' అన్నా సరే, ఆ క్షణానికి ఆ మాట సరిపోతుంది. పుస్తకం సరిపోదు. అందుకే సాగే పనికి 'తూ' (గ్రాంథికంలో 'చు': నడుచుచు), ముగిసి నిలిచినదానికి 'ఇ'. మన వ్యాకరణంలో మొదటిది శత్రర్థకం, రెండోది క్త్వార్థకం. జపనీస్ కూడా ఇక్కడే గీత గీస్తుంది. నడుస్తూ అంటే 'అరుకినగర'. కూర్చుని అంటే 'సువత్తె', నిలబడి అంటే 'తత్తె'. ఎక్కడి భాష, ఎక్కడి భాష! ఈ పోలిక నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

'ఒంగకు ఒ కికినగర బెన్క్యో షిమస్' అంటే 'సంగీతం వింటూ చదువుకుంటాను'. మనకులాగే అసలు పని చివర వస్తుంది, కాలం చెప్పేదీ ఆ చివరి క్రియే. కర్త ఒకరే ఉండాలి. 'అమ్మ వండుతూ నేను చదువుకున్నాను' అనం, 'వండుతుంటే' అంటాం. అక్కడ జపనీస్‌లోనూ 'నగర' కుదరదు, 'అయిద' (ఆ సేపట్లో) కావాలి.

అయితే తెలుగు చెవిని నమ్మకూడని చోట్లు రెండున్నాయి. 'వింటున్నాను'లో 'వింటూ' ఉంది కదా అని 'కికినగర ఇమస్' అనకండి. వాళ్లు 'కీతె ఇమస్' అంటారు; రూపంలో అది మన 'విని ఉన్నాను'కు దగ్గర. రెండోది, 'వస్తూ వస్తూ పాలు తెచ్చాను' అని మనం ఎంతో సులువుగా అనేస్తాం. అక్కడ 'నగర' నప్పదు. 'కురు తొచూ దె', అంటే 'వచ్చే దారిలో' అని విడిగా చెప్పాలి.