“కోవిడ్‌కే భయపడనిదాన్ని, డెంగీకి వణుకుతున్నానేంటి అక్కా?”

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లవే. వానలు పడి, హైదరాబాద్‌లో ఏ ఓపీ చూసినా లైను గేటు దాకా వచ్చే రోజులు కదా మరి. అందుకని పెళ్లి గొడవలు, అత్తాకోడళ్ల పంచాయితీలు వచ్చే వారానికి పెట్టుకుని ఈ వారం వీళ్లతోనే మాట్లాడతాను. కొత్త పాఠకులకు ఒక మాట: నేను 27 ఏళ్లు వార్డుల్లో సిస్టర్‌గా చేసి, రిటైరయ్యాక కౌన్సెలింగ్ నేర్చుకున్నదాన్ని. డాక్టర్‌ని కాను, మందులు రాయను.

ప్రశ్న: అక్కా, నాకు 34 ఏళ్లు, ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. 2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ ఐసీయూలోనే ఉన్నాను. పీపీఈ కిట్‌లో తడిసి ముద్దయిపోతూ డ్యూటీలు చేశాను, ఒక్కరోజు కూడా ఏడవలేదు. ఇప్పుడేమో జ్వరాల సీజన్ మొదలైతే చాలు, మానిటర్ అలారం మోగగానే గుండె దడదడ, చేతులు వణుకు, క్యాన్యులా (సలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) పెట్టడానికి రెండుసార్లు గుచ్చాల్సి వస్తోంది. ఇంటికెళ్లి అరగంట స్నానం చేస్తాను, చేతులు కడిగి కడిగి చర్మం లేచిపోయింది, పాపని దగ్గరికి రానివ్వడం లేదు. డెంగీ ముట్టుకుంటే రాదని నాకు తెలియదా? పేషెంట్ల ఇంటివాళ్లకి రోజూ చెప్పేది నేనే. ఇన్‌చార్జ్ సిస్టర్ ‘ఇంత సీనియర్‌వి, నీకేమొచ్చింది’ అంటున్నారు. — స్టాఫ్ నర్సు, బోడుప్పల్

జవాబు: అప్పుడు భయపడలేదని ఎవరన్నారు చెల్లీ? భయపడే తీరిక దొరకలేదు, అంతే. ఏ బెడ్ మీద ఎవరికి ఆక్సిజన్ పడిపోతోందో చూసుకోవడానికే షిఫ్టు సరిపోయేది. ఏడుపు వాయిదా వేశావు. వాయిదా వేసిన బాకీ ఎక్కడికీ పోదు, ఇప్పుడొచ్చి తలుపు కొడుతోంది. దోమతో వచ్చే జ్వరానికి నువ్వెందుకు వణుకుతావు, నీకు తెలియని సంగతా అది! నీ ఒళ్లు వణుకుతున్నది ఆ అలారానికి. 2021లో ఆ మోత మోగితే ఎవరో ఒకరు పోయేవాళ్లు. ఇప్పుడు పంపులో సలైన్ అయిపోయి కూసినా నీ గుండెకి తేడా తెలియడం లేదు. చీకట్లో తాడుని చూసి పాము అనుకున్నవాడిని పిరికివాడంటామా, వాడికి ఇదివరకు పాము కనపడి ఉంటే?

ఇది నీ ఒక్కదానికే అనుకోకు. 2003లో కెనడాలోని టొరంటోలో సార్స్ అని, కోవిడ్ లాంటి ఊపిరితిత్తుల జబ్బు వచ్చిపోయింది. అది తగ్గిన ఏడాది, రెండేళ్ల తర్వాత అక్కడి ఆస్పత్రుల సిబ్బందిని అడిగి చూశారు. సార్స్ పేషెంట్లను చూసిన ఆస్పత్రుల్లో 100కి 30 మంది పనితో పూర్తిగా అలిసి మొద్దుబారిపోయి ఉన్నారు, చూడని ఊళ్లో ఆ లెక్క 19. అంటే జబ్బు ఊరు వదిలి వెళ్లాక కూడా మనుషుల్ని వదల్లేదు. అందులో నాకు బాగా గుర్తుండిపోయింది ఇంకోటి ఉంది: మాకు సరైన ట్రైనింగ్ ఇచ్చారు, వెనక ఆస్పత్రి నిలబడింది అనుకున్నవాళ్లు అంతగా దెబ్బతినలేదు. అందుకే ‘ధైర్యం తెచ్చుకో, ఊపిరి గట్టిగా పీల్చి వదులు’ అని నర్సులకి చెప్పి చేతులు దులుపుకునే మేనేజ్‌మెంట్లంటే నాకు ఒళ్లు మంట. మీ భయంలో సగం డ్యూటీ రోస్టర్‌లో ఉంటుంది.

నా సంగతే చెప్తాను. దేశంలో మొదటి స్వైన్‌ఫ్లూ కేసు బయటపడింది మన హైదరాబాద్‌లోనే, 2009 మేలో. అప్పుడు నేను పనిచేసే చోట ఎన్-95 మాస్కులు బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు. తాళంచెవి ఉన్నావిడ ఐదింటికి ఇంటికెళ్లిపోయేది. నైట్ డ్యూటీలో మాకు మిగిలింది గుడ్డ మాస్కూ, దేవుడూ. ఆ రాత్రుల్లో నాకు వైరస్ కంటే ఆ బీరువా మీదే ఎక్కువ భయమూ కోపమూ ఉండేవి. తర్వాత ఒక కొత్త ఇన్‌చార్జ్ వచ్చి, ఒక్కో షిఫ్టుకి ఇన్ని అని లెక్కగట్టి మాస్కుల డబ్బా వార్డులోనే పెట్టించింది. నమ్ముతావో లేదో, ఆ వారం నుంచే నాకు నిద్ర పట్టింది.

సరే, ఇప్పుడు నువ్వేం చేయాలి. అలారం మోగినప్పుడు పరుగెత్తే ముందు అదేంటో బయటికి అను: ‘ఆరో బెడ్, సలైన్ అయిపోయింది.’ పక్కవాళ్లు నవ్వితే నవ్వనీ. పేరు పెట్టి పలికాక ఆ మోత 2021ది కాదని నీ చెవికి మెల్లగా తెలుస్తుంది, పదిసార్లలో ఏ మూడుసార్లో పనిచేసినా లాభమే. చేతుల సంగతి: సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు, మనకి నేర్పిన లెక్కే అది. దాని పైన కడిగేదంతా భయాన్ని కడగడమే, అది ఎంత కడిగినా పోదు. పైగా చర్మం లేచిన చేతులతో రక్తం, సలైన్లు పట్టుకోవడం అసలైన ప్రమాదం. స్నానం పది నిమిషాల్లో ముగించి, ఒళ్లు తుడుచుకుని నేరుగా పాప దగ్గరికి వెళ్లు. మొదటి వారం ప్రాణం పోయినట్టే ఉంటుంది, అయినా వెళ్లు.

ఇన్‌చార్జ్‌తో ‘భయంగా ఉంది మేడమ్’ అనకు, ఆవిడ మళ్లీ సీనియారిటీ పాటే ఎత్తుకుంటారు. అడిగేదేదో లెక్కగా అడుగు: రెండు వారాలు ఐసీయూ అయితే తర్వాతి రెండు వారాలు ఓపీనో వ్యాక్సిన్ రూమో, కొత్త అమ్మాయికి జతగా అనుభవం ఉన్న సిస్టర్. ఇది నా సొంత కవిత్వం కాదు. ఎక్కువ ఒత్తిడి ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి మార్చమనీ, కొత్తవాళ్లకి పాతవాళ్లని జత చేయమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే చెప్పింది. ఆ మాట చూపించి అడుగు.

ఇన్నేళ్లయినా తగ్గలేదు కాబట్టి సైకియాట్రిస్టుని మాత్రం ఒకసారి కలవాల్సిందే. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి అనగానే నవ్వకు, ఆ పేరుని మనం జోకు చేసి పెట్టుకున్నాం గానీ అక్కడి ఓపీలో కూర్చునేవాళ్లు నీలాంటివాళ్లూ నాలాంటివాళ్లే. వెళ్లడానికి మనసు రాకపోతే ముందు 14416కి ఫోన్ చెయ్యి, టెలి మానస్ అంటారు, 24 గంటలూ ఉంటుంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రశ్న: అమ్మా, నేను ఆస్పత్రిలో శానిటేషన్ పని చేస్తా, ఏజెన్సీ కింద. జ్వరాల వార్డులో చెత్త సంచి ఎత్తుతుంటే సూది గుచ్చుకుంది. ఏ పేషెంట్‌దో తెలియదు. సూపర్‌వైజర్‌కి చెప్తే ‘గింతదానికి లొల్లి చేస్తవా’ అన్నడు. 15 రోజులైంది, అన్నం సయిస్తలేదు, రాత్రి లేచి ఫోన్‌లో హెచ్ఐవీ గురించి చూస్తున్నా. ఇంట్లో చెప్పలేదు. — అంబర్‌పేట

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఫోన్ పక్కన పెట్టు. సూది ద్వారా హెచ్ఐవీ వచ్చే అవకాశం, ఆ పేషెంట్‌కి నిజంగా ఆ జబ్బు ఉన్నా సరే, వెయ్యికి మూడు. ఆ సూది అలాంటి పేషెంట్‌దో కాదో కూడా తెలియదు. అలాగని వదిలేయమనడం లేదు. గుచ్చుకున్న గంటల్లోనే వస్తే ముందుజాగ్రత్త మందులు ఇచ్చేవాళ్లు, 72 గంటలు దాటితే అవి ఇవ్వరు, ఆ టైము నీ సూపర్‌వైజర్ తినేశాడు. ఇప్పుడు చేయాల్సింది టెస్టులు. పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఐసీటీసీ అని సెంటర్ ఉంటుంది, హెచ్ఐవీ టెస్టు ఉచితం, ఎవరికీ చెప్పరు. ఇప్పుడొకసారి, గుచ్చుకున్న ఆరు వారాలకి ఒకసారి, మూడు నెలలకి ఒకసారి. హెపటైటిస్ బి, సి టెస్టులు కూడా రాయమని డాక్టర్‌ని అడుగు. సూదులతో ఎక్కువగా అంటుకునేది నిజానికి హెపటైటిస్ బి. టీకా వేయించుకోకపోయి ఉంటే ఇప్పుడే మొదలుపెట్టు.

ఆ టీకా కూడా నువ్వు బతిమాలి అడగాల్సింది కాదు. ఆస్పత్రి చెత్త ఎత్తేవాళ్లకి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు ఆస్పత్రే వేయించాలని 2016 నాటి బయోమెడికల్ వేస్ట్ రూల్స్‌లో ఉంది. సూదులు వేయాల్సింది పసుపు సంచిలో కాదు, గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో అని కూడా అందులోనే ఉంది. అంటే తప్పు చేసింది సూదిని సంచిలో పడేసినవాళ్లు, నువ్వు కాదు. గుచ్చుకున్న తేదీ, వార్డు, టైము ఒక కాగితం మీద రాసి ఆస్పత్రిలో ఇచ్చి, కాపీ మీద సంతకం పెట్టించుకో. మళ్లీ ఎప్పుడైనా గుచ్చుకుంటే పిండకు, బ్లీచింగ్ పోయకు, సబ్బూ ధారగా పారే నీళ్లూ పెట్టి కడిగి, నేరుగా క్యాజువాలిటీకి పో. సూపర్‌వైజర్‌కి తర్వాత చెప్పొచ్చు. ఇంట్లో భార్యకి మాత్రం ఈరోజే చెప్పు. మూడు నెలల టెస్టు అయ్యేదాకా తీసుకునే జాగ్రత్త ఆమెకీ తెలియాలి, ఒక్కడివే మోయడానికి మూడు నెలలంటే చాలా రోజులు.

ప్రశ్న: మేడమ్, మా ఆవిడ ఫీవర్ వార్డులో నర్సు. రెండు నెలలుగా ఇంటికొచ్చి మాట్లాడదు, పిల్లల మీద కసురుతుంది. మా మంచికే కదా అని ఉద్యోగం మానేయమన్నాను. ఆమె రెండు రోజులు అన్నం తినలేదు. — మల్కాజ్‌గిరి

జవాబు: బాబూ, మంచికే అన్నారు, కాదనను. కానీ ఆమె చెవికి అది ‘నీ వల్ల కావడం లేదు’ అని వినిపించింది. కోవిడ్ మొదలైన రోజుల్లో చైనాలో 34 ఆస్పత్రుల్లో 1,257 మంది సిబ్బందిని అడిగితే పదిమందిలో ఏడుగురు మనసు కల్లోలంగా ఉందన్నారు, అందులోనూ ఆడవాళ్లకి, నర్సులకి ఎక్కువ. దానికి కారణాల్లో ఒకటి మీకు ఇంట్లోనే కనిపిస్తుంది: 12 గంటల డ్యూటీ చేసి వచ్చి చెప్పులు విప్పకముందే స్టవ్ దగ్గరికి వెళ్లేది ఎవరు? ‘ఏమైంది, ఏమైంది’ అని అడక్కండి. రాత్రి అన్నం మీరు వండండి, పిల్లల హోంవర్క్ మీరు చూడండి, ఆమె వచ్చిన అరగంట ఎవరూ పలకరించకండి. ఒక వారం ఇలా చేసి చూడండి, మాట్లాడటం ఆమే మొదలుపెడుతుంది. ‘నేను లేకపోతేనే నయం’ లాంటి మాట ఎప్పుడైనా నోట్లోంచి వస్తే మాత్రం సర్దిచెప్పడం, తర్వాత చూద్దామనడం పెట్టుకోవద్దు. ఒంటరిగా వదలకుండా అప్పుడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: నైట్ డ్యూటీ తర్వాత నిద్ర రాక ఆల్‌ప్రాజొలామ్ అరమాత్ర వేసుకోవడం మొదలుపెట్టాను. వార్డు స్టాకులోదే. నాలుగు నెలలైంది, ఇప్పుడు ఒకటి వేసుకున్నా నిద్ర రావడం లేదు. ఎవరికీ చెప్పకుండా రేపటి నుంచి మానేద్దామనుకుంటున్నా. — పేరు వద్దు, కూకట్‌పల్లి

జవాబు: రేపటి నుంచి ఒక్కసారిగా మానకు. నాలుగు నెలలు రోజూ వేసుకున్న ఆ మందుని టక్కున ఆపితే అసలు నిద్రే పట్టకపోవడం, వణుకు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి, నువ్వు వార్డులో చూసే ఉంటావు. కొంచెం కొంచెంగా తగ్గించాలి, ఎంత చొప్పున అన్నది సైకియాట్రిస్టు చెప్పాలి. స్టాకులోంచి తీయడం మాత్రం ఇవాళే ఆపు, డాక్టర్ చీటీ రాస్తే బయట కొనుక్కో. మీ ఆస్పత్రి డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి సిగ్గనిపిస్తే వేరే ఆస్పత్రికి వెళ్లు, ఇందులో తప్పేం లేదు. వెళ్లేటప్పుడు మాత్రల షీటు పర్సులో పెట్టుకుని వెళ్లి బల్ల మీద పెట్టు, రోజుకి ఎన్ని వేసుకుంటున్నావో తగ్గించకుండా చెప్పు. మనం పేషెంట్లని అడిగితే వాళ్లు ఎప్పుడూ సగమే చెప్తారు కదా, ఆ పని నువ్వు చేయకు.